ఉల్లేఖన సంఖ్య విద్వత్తుకు ప్రమాణమా?

పరిశోధకుని యోగ్యతను, అతని వ్యాసాలను ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారన్న గణనతో నిర్ణయించే పద్ధతి నేడు విశ్వవిద్యాలయాలలో ప్రబలింది. 2005లో భౌతికశాస్త్రవేత్త హోర్హే హిర్ష్ ప్రతిపాదించిన హెచ్-సూచిక అందులో ప్రధానం. ఒకని వ్యాసాలలో పదింటికి ఒక్కొక్కదానికి కనీసం పది ఉల్లేఖనాలుండి, పదకొండింటికి పదకొండేసి లేకపోతే అతని సూచిక పది. నియామకాలకూ పదోన్నతులకూ ఈ అంకెనే చూస్తున్నారు.

లక్షణానికి అవ్యాప్తి, అతివ్యాప్తి దోషాలు ఉండరాదని తర్కశాస్త్రం ఆరంభించిన బాలునికీ తెలుసు. ఈ సూచికలో రెండూ ఉన్నాయి.

గ్రెగర్ మెండెల్ బఠానీ మొక్కలపై చేసిన పరిశోధనను 1866లో ప్రకటించాడు. 1884లో దేహం విడిచేనాటికి దానిని గుర్తించినవారు అత్యల్పులు. 1900లో గాని లోకం కళ్ళు తెరవలేదు. అంతకన్న విచిత్రమేమంటే, ఒక్క వ్యాసమే రాసినవాని సూచిక, దానిని జగత్తంతా ఉదహరించినా, ఒకటి దాటదు!

ఇక అతివ్యాప్తి. ఉల్లేఖనమంటే ప్రశంస కాదు. శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యంలో సాంఖ్యమతాన్ని పదేపదే ప్రస్తావించింది నిరాకరించడానికే. ఈ గణన ప్రకారం ఖండితమైన పూర్వపక్షానికే అగ్రపూజ జరగాలి. తన వ్యాసాలను తానే ఉదహరించుకొనేవారి సంగతి, మిత్రమండలిగా ఏర్పడి పరస్పరం ఉదహరించుకొనేవారి సంగతి వేరే చెప్పాలా? ఉత్సవంలో గొడుగులు లెక్కించి మూర్తి మహిమను నిశ్చయించినట్లుంది ఈ వ్యవహారం.

"అభ్యర్థులు వందలమంది. అందరి రచనలూ చదవడం అసాధ్యం. పైగా పెద్దల అభిప్రాయంలో పక్షపాతం దొరలుతుంది, అంకెకు రాగద్వేషాలు లేవు" అని పూర్వపక్షం. అంకెకు లేవు, నిజమే. దానిని పుట్టించిన ఉల్లేఖకులకు ఉన్నాయి కదా! పక్షపాతం తొలగలేదు, కనబడకుండా పోయింది, అంతే. చదివే తీరిక లేనివారికి తీర్పు చెప్పే అధికారం ఎక్కడిది? పత్రిక పేరునూ దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌నూ కాక, వ్యాసంలోని విషయాన్ని చూడమని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రూపుదిద్దుకొన్న ప్రకటన కోరింది. ఆ కోరినవారు శాస్త్రవేత్తలూ పత్రికా సంపాదకులే; సంప్రదాయ పండితులు కారు.

శాస్త్రపరీక్షలో విద్యార్థిని ఒక పంక్తి వద్ద నిలిపి అర్థం అడుగుతారు, ఆక్షేపిస్తారు, సమాధానం వింటారు. వడపోతలో నిలిచిన కొద్దిమంది అభ్యర్థుల విషయంలోనైనా, ఎవరికి వారు ఎంచి ఇచ్చిన మూడేసి వ్యాసాలను నియామకసమితి చదివి, ఎదుట కూర్చోబెట్టి ప్రశ్నించవచ్చు. మూడు వ్యాసాలకు ఒక పూట చాలు.