పళ్ళెం దాకానేనా వైవిధ్యం?

హైదరాబాదు గురించి రాసే ప్రతివాళ్ళూ ఈమధ్య తిండితోనే మొదలుపెడుతున్నారు. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్, హలీం, బిర్యానీ, పత్థర్ కా గోష్త్, వరసలో చివరెక్కడో జొన్నరొట్టె. 2019లో యునెస్కో ఈ నగరాన్ని ఆహార సంస్కృతి విభాగంలో సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చాక ఈ ధోరణి మరీ పెరిగింది. చార్మినార్ దగ్గర మొదలై సికింద్రాబాద్‌లో ముగిసే రుచుల యాత్రలు, వాటిమీద వ్యాసాలు, పుస్తకాలు. అన్నిటి సారాంశం ఒకటే. ఇక్కడ అన్ని మతాల, ప్రాంతాల తిండీ దొరుకుతుంది, కాబట్టి ఇక్కడ అందరూ కలిసిమెలిసి బతుకుతున్నారు. నా అభ్యంతరమంతా ఆ ‘కాబట్టి’ మీదే.

నగర చరిత్ర తిండిలో ఉందన్నమాట అబద్ధం కాదు. హలీం అరబ్బుల హరీస్ నుంచి వచ్చింది. నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన చావూష్‌లు స్థిరపడిన బార్కస్‌కి ఆ పేరే ‘బ్యారక్స్’ నుంచి వచ్చింది. ఇరాన్ నుంచి వచ్చినవాళ్ళు చాయ్ హోటళ్ళు పెట్టారు. దేశవిభజన తర్వాత వచ్చిన సింధీలు బేకరీలు పెట్టారు. పల్లీలు, నువ్వులు, చింతపండు కలిసిన బగారా బైంగన్‌లో దక్కను నేల రుచి ఉంది. ఇవన్నీ నిజాలే. కానీ ఈ కథనాల్లో మనకు కనిపించేదెవరు? సైనికుడు, వ్యాపారి, నవాబు, దేగ్ ముందు నిలబడ్డ ఉస్తాద్. అతను వండితే కళ. అదే వంట ఇంట్లో అమ్మీజాన్ వండితే ఇంటిపని. ఒకదానికి వారసత్వం అనే పేరుంది, రెండోదానికి అసలు పేరే లేదు.

సరే, రుచులు చూస్తూ తిరిగేదెవరు? ఒక్క చాయ్‌తో గంటల తరబడి కూర్చుని కవిత్వమూ విప్లవమూ మాట్లాడుకున్న ఇరానీ హోటళ్ళ గురించి మన మగ రచయితలు ఎంత తడితడిగా తలుచుకుంటారో! ఆ బల్లల దగ్గర ఆడవాళ్ళు కూర్చోలేదన్న సంగతి వాళ్ళకి గుర్తురాదు. మనకోసం లోపలెక్కడో ‘ఫ్యామిలీ రూం’ ఉండేది. అంటే భర్తో అన్నో వెంట ఉంటేనే మనకి చాయ్. రంజాన్ నెలలో పాతబస్తీ రాత్రంతా మేలుకుని ఉంటుందని మురిసిపోయే వ్యాసాలు చాలా చదివాం. ఆ రాత్రి ఇంట్లో సహరీ కోసం అందరికంటే ముందు లేచి పొయ్యి వెలిగించే స్త్రీ ఒక్క వ్యాసంలోనైనా ఉందా? నగరాన్ని నాలుకతో తెలుసుకోవాలంటే ముందు నగరంలో కాలు పెట్టగలగాలి. ఒంటరిగా, రాత్రిపూట, ఎవరికీ సంజాయిషీ ఇవ్వకుండా.

2019లో కేంద్రప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంట్లో జీతంలేని పనులు చేసే స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు వాటికే ఖర్చు పెడుతున్నారు. అలాంటి పనులు చేసే మగవాళ్ళు పెట్టేది 97 నిమిషాలు. అసలు ఆ పనులు చేసే మగవాళ్ళే 26 శాతం, స్త్రీలు 81 శాతం. దేశమంతటి లెక్క ఇది. మన నగరం దీనికి మినహాయింపని నమ్మడానికి నాకు ఏ కారణమూ కనబడదు. రోజుకి ఐదుగంటలు ఇంటికే పోయే మనిషికి రుచుల యాత్రకి తీరికెక్కడిది?

ఇక వీధిలో వండి అమ్మే స్త్రీల సంగతి. కర్రీ పాయింట్ల వెనక కూర్చుని ఉల్లిపాయలు తరిగేదీ, ఇడ్లీబండి దగ్గర నాలుగింటికే నిలబడేదీ వాళ్ళే. 2024 జనవరిలో మాదాపూర్‌లో ‘కుమారి ఆంటీ’ భోజనాల బండిని ట్రాఫిక్ పేరుతో పోలీసులు తీయించారు. పేరున్న మనిషి కాబట్టి గొడవైంది, ముఖ్యమంత్రి జోక్యం చేసుకున్నాడు, బండి మళ్ళీ వచ్చింది. పేరులేని వాళ్ళ బండ్ల మాటేమిటి? 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం పట్టణ కమిటీల్లో కనీసం 40 శాతం వీధి వ్యాపారుల ప్రతినిధులుండాలనీ, వాళ్ళలో మూడోవంతు స్త్రీలుండాలనీ చెబుతోంది. ఒక స్త్రీ బతుకుదెరువు ముఖ్యమంత్రి దయ మీద కాక ఆ చట్టం మీద నిలబడాలని అడగడానికి ఏ రుచుల యాత్రికుడూ ముందుకు రాలేదు.

అన్నిటికంటే పెద్ద మౌనం కులం దగ్గర. కల్యాణి బిర్యానీ ఈ ఊరిదే. బీదర్ వైపునుంచి వచ్చిన కల్యాణి నవాబుల పేరుమీద ప్రసిద్ధమైన, బడేకా గోష్త్ వేసి వండే పేదల బిర్యానీ. పర్యాటక కరపత్రాల్లో దానికి చోటు దొరకడం అరుదు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత బహుజన విద్యార్థులు పెద్దకూర పండుగ జరుపుకుంటే దాడులు జరిగాయి. కలిసి తినే నగరమంటే ఇదేనా? పీహెచ్‌.డి. రోజుల్లో నేను అద్దెఇల్లు వెతుక్కుంటున్నప్పుడు ఇంటివాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న “ఏం చదువుతున్నావమ్మా” అని కాదు, “మీరేం తింటారమ్మా” అని. ఆ ప్రశ్నకి అర్థం మీరెవరని. కులాన్నీ మతాన్నీ మర్యాదగా అడిగే పద్ధతి అది. హలీం కోసం మైళ్ళదూరం వెళ్ళి వరసలో నిలబడేవాళ్ళే హలీం వండేవాళ్ళకి పైవాటా అద్దెకివ్వరు.

తిండి మనుషుల్ని కలుపుతుంది కదా, దాన్నికూడా ఎందుకు అనుమానించడం అంటారు కొందరు మిత్రులు. కలుపుతుంది, నిజమే. పక్కింటి షీర్‌ఖుర్మా, బోనాలనాటి ప్రసాదం గోడలు దాటిన ఇళ్ళు ఈ ఊళ్ళో ఉన్నాయి. వాటిని దాటించింది ఎక్కువగా స్త్రీలే. ఆ ఇచ్చిపుచ్చుకోవడంలో అవతలి మనిషి పేరు, ఇల్లు, కష్టసుఖాలు తెలుస్తాయి. డబ్బిచ్చి ప్లేటు కొనుక్కుంటే ఇవేవీ తెలియనక్కర్లేదు. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని అమ్ముతున్నారన్నదే నా ఫిర్యాదు.

విమల ‘వంటిల్లు’ చదువుకుని పెరిగిన తరం మనది. అందరికీ ఆ వంటిల్లుందా అని దళిత స్త్రీలు అడిగితే ఉలిక్కిపడి మళ్ళీ ఆలోచించిన తరమూ మనదే. నగరం తిండి గురించి రాసే పనిని రుచుల యాత్రికులకి వదిలేయడం మనకి తగదు. రాద్దాం. అయితే బిర్యానీ ఎంత బాగుందో రాసేచోట ఆ ఉల్లిపాయలు తరిగిన ఆమెకి రోజుకూలీ ఎంతో, బండి దగ్గర పొద్దంతా నిలబడే స్త్రీ మూత్రానికి ఎక్కడికి వెళుతుందో, ఆ గల్లీలో ఎవరికి ఇల్లు అద్దెకి దొరకదో కూడా రాద్దాం. పరిశోధకులకి ఇవి చిన్న విషయాలుగా కనిపిస్తే, మన పరిశోధనాంశాల జాబితానే ముందు మార్చుకోవాలి.