ఆ ఒక్క శాతాన్ని పట్టుకుని వేలాడొద్దు

స్ఫటికత పెరిగితే బలం పెరుగుతుంది, స్ఫటికత కావాలంటే నెమ్మదిగా చల్లార్చాలి: ప్లాస్టిక్ పాఠాల్లో ఇది వేదవాక్కు. నీళ్ల సీసాలు చేసే పెట్ విషయంలో చాలావరకు నిజమే. అదే కొలబద్దను ద్రవ స్ఫటిక పాలియెస్టర్ల మీదా పెట్టి, ముందుగా ‘ఎంత శాతం?’ అని అడగడం దగ్గరే నా పేచీ.

అసలు వీటి కూర్పే స్ఫటికతను చెడగొట్టడానికి పుట్టింది. పారా హైడ్రాక్సీ బెంజోయిక్ ఆమ్లం ఒక్కదానితోనే గొలుసు కడితే పాలిమర్ చక్కగా స్ఫటికీకరిస్తుంది, కానీ సరిగా కరిగేలోపే మాడిపోతుంది. అందుకే 1980లలో వచ్చిన వెక్ట్రా అనే ఈ రకం ప్లాస్టిక్‌లో దాని 73 పాళ్లకు 27 పాళ్లు హైడ్రాక్సీ నాఫ్తోయిక్ ఆమ్లం కలిపారు. నాఫ్తలీన్ వలయం గొలుసును వంచదు, కాస్త పక్కకు జరుపుతుంది. ఏది ఎక్కడ వస్తుందో వరస లేదు గనక పక్క గొలుసుతో జత సరిగా కుదరదు. కరిగే ఉష్ణోగ్రత 280 డిగ్రీల దగ్గరికి దిగింది. కావాలని వదులుకున్నదాన్ని మళ్లీ లోటుగా లెక్కగట్టడమేమిటి?

పోనీ, ఆ శాతం ఎలా వస్తుంది? కరగడానికి పట్టిన వేడిని, పూర్తి స్ఫటికానికి పట్టే వేడితో భాగిస్తారు. పెట్‌కు ఆ హారం గ్రాముకు సుమారు 140 జౌల్స్. వరసే లేని కోపాలిమర్‌కు పూర్తి స్ఫటికం ఎక్కడుంది? పైగా వెక్ట్రా కరిగాక కూడా గొలుసులు ఒకే దిక్కున సాగే ఉంటాయి. ఘనానికీ ద్రవానికీ క్రమంలో తేడా తక్కువ కాబట్టి ఆ వేడిని కొలిచే గ్రాఫులో శిఖరం మరీ చిన్నది. బేస్‌లైన్ కాస్త అటూ ఇటూ గీస్తే జవాబే మారిపోతుంది.

అచ్చులోంచి తీసిన వెక్ట్రా ముక్కను విరిచి చూడండి: సరుగుడు కట్టెలా పీచులు పీచులుగా చీలుతుంది, అదీ పైపొర దగ్గర ఎక్కువ. ప్రవాహం లాగిన దిశలో గట్టిగా ఉన్న ముక్క అడ్డంగా లాగితే తేలిగ్గా లొంగిపోతుంది. స్ఫటికత శాతం మాత్రం రెండు దిశలకూ ఒకటే!

మరి వెక్ట్రా రకం పాలిమర్‌తోనే తీసే వెక్ట్రాన్ నూలు సంగతేమిటంటారా? 1997లో అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ ఎయిర్‌బ్యాగులు దానితో నేసినవే. కరిగే ఉష్ణోగ్రతకు కాస్త కింద గంటల తరబడి ఉంచితే ఆ దారం బలం పెరుగుతుంది నిజమే. స్ఫటికాలు మెరుగవడం వల్ల కరిగే ఉష్ణోగ్రతా పెరుగుతుంది. కానీ అదే సమయంలో గొలుసుల కొనలు ఒకదానితో ఒకటి కలిసి గొలుసులు పొడవవుతాయి. బలంలో పెద్ద వాటా ఆ పొడవుదే. రెండింటి ఫలాన్నీ స్ఫటికత ఖాతాలో జమ చేయడం అన్యాయం.

స్ఫటికాలు దండగ అనను. సుమారు 110 డిగ్రీలు దాటాక మిగతా పదార్థం మెత్తబడుతుంటే వస్తువును నిలబెట్టేది అవే. కానీ రెండు ప్రవాహాలు ఎదురెదురుగా వచ్చి కలిసిన అతుకు దగ్గర ఈ ప్లాస్టిక్‌తో పోసిన కనెక్టర్ పుటుక్కుమంటే, ఎంత నెమ్మదిగా చల్లార్చినా ఆ గీత మానదు. ముందు అచ్చులోకి ప్లాస్టిక్ దూరే గేటును జరపాలి.