ఫోన్‌లో వైద్యం సరే, చెయ్యి ఎవరిది?

అవి నాట్ల రోజులు. చిన్నాన్న కోడె వెనక కాలు ఈడ్చుకుంటూ వచ్చి సావిట్లో పడుకుంది. రెండున్నరేళ్ళ కోడె. ఆ ఏడే మెడ మీద కాడి పెట్టి దుక్కి నేర్పుతున్నాడు. తొడ మీద వాపు, ఒళ్ళు కాలిపోతోంది, మేత ముట్టలేదు. మా ఊళ్ళో సిగ్నల్ ఉండదు. నేను గుట్ట ఎక్కి, ఎప్పుడో మందుల షాపులో ఇచ్చిన ఒక నంబరుకు ఫోన్ చేశాను. అవతలి మనిషి రెండే ప్రశ్నలు అడిగాడు. దుక్కికి కట్టారా? ఎక్కడన్నా జారిందా? కట్టామన్నాను. కాలు బెణికింది, నొప్పి ఇంజక్షన్ చేయించండి అన్నాడు. మందు పేరు మెసేజ్‌లో వచ్చింది. డబ్బులు కూడా ఫోన్‌లోనే కట్టించుకున్నాడు. రాత్రికి మందు తెచ్చి వేయించాం. తెల్లారేసరికి కోడె లేదు.

ఆ పొద్దున ఊళ్ళో ఒక మాట లేచింది. మాంసం పంచుకుందామా, పాతిపెడదామా? మళ్ళీ గుట్ట ఎక్కి అదే నంబరుకు చేశాను. ఎవరూ ఎత్తలేదు. చిన్నాన్న దిగులుతో కోయనివ్వలేదు, గొయ్యి తీసి పాతాడు. అది మా అదృష్టం.

కొన్నాళ్ళకు సంతలో ఒక పశువైద్యుడికి ఈ సంగతి చెప్పాను. ఆయన ఒక్కటే అడిగాడు: వాపు మీద నొక్కితే లోపల కరకరమందా? అంది. చిన్నాన్న చేతికి ఆ సంగతి ముందే తెలుసు. ఫోన్‌లో వాళ్ళు అడగలేదు, మేం చెప్పలేదు. అది జబ్బవాపు అయి ఉంటుందన్నాడాయన. వానలకు ముందు టీకా వేస్తే రాకుండా ఆపగలిగే రోగం. వచ్చిన తొలి గంటల్లో పెన్సిలిన్ పడితే కొంత ఆశ ఉండే రోగం. నొప్పి ఇంజక్షన్‌తో తగ్గే రోగం కాదు.

ఇంతకీ ఆ ఫోన్‌లో మాట్లాడింది డాక్టరేనా? నాకు ఇప్పటికీ తెలియదు. పేరు చెప్పలేదు, నేనూ అడగలేదు. రిజిస్ట్రేషన్ నంబరు లేదు, చీటీ లేదు, రికార్డు లేదు. కోడె పోయింది. ఎవరిని అడగాలో చెప్పే కాగితం ముక్క కూడా మా దగ్గర లేదు.

ఈ వ్యాసం ఫోన్ మీద కోపంతో రాయడం లేదు. ఫోన్‌లో పశువైద్యానికి కచ్చితమైన నియమాలు కావాలని రాస్తున్నాను. ఆ నియమాలు మన కొండల్ని చూసి రాయాలని రాస్తున్నాను. ఈ విషయంలో రెండు వాదనలు వినిపిస్తున్నాయి. రెండూ మనకు పనికిరానివే.

మొదటి వాదన: పశువును తాకకుండా, కళ్ళతో చూడకుండా మందు రాయనే కూడదు. వినడానికి ఇది ధర్మంగానే ఉంటుంది. బ్రిటన్‌లో 2023 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్న నియమం చూడండి. అక్కడ దూరం నుంచి మందు రాయవచ్చు గానీ, యాంటీబయాటిక్ రాయాలంటే అసాధారణ పరిస్థితుల్లో తప్ప డాక్టరు స్వయంగా వెళ్ళి చూసి ఉండాలి. మంచి నియమం. కానీ అక్కడ డాక్టరు బండెక్కితే కొట్టం దాకా వెళ్ళగలడు. మన దగ్గర వానాకాలంలో వాగు దాటి ఎవరొస్తారు? పురుటి నొప్పులతో ఉన్న ఆడమనిషినే డోలీలో మోస్తున్నాం. ఎద్దును ఏ డోలీలో మోస్తాం? తాకకుండా మందు వద్దనే నియమాన్ని ఉన్నదున్నట్టు మన ఊరికి తెస్తే, మీకు మందే వద్దని చెప్పినట్టు అవుతుంది.

రెండో వాదన దీనికి తలకిందులు. అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, వీడియో చూపిస్తే చాలు, నియమాలు పెట్టి అడ్డుకోకండి అంటుంది. ఇది ఇంకా ప్రమాదం. నియమం లేని చోట లాభం అమ్మేవాడిది, నష్టం పశువున్నవాడిది. మా కోడె కథ అదే.

ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదని నేను అనను. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వచ్చే పథకం తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో మొదలైంది. కేంద్రం లెక్క ప్రకారం లక్ష పశువులకు ఒక వాహనం. ఒక డాక్టరు, ఒక సహాయకుడు, ఒక డ్రైవరు. మైదానంలో లక్ష పశువులు ఒకటి రెండు మండలాల్లోనే ఉండవచ్చు. కొండల్లో అదే లక్ష ఎన్ని లోయల్లో, ఎన్ని వాగుల అవతల చెదిరి ఉంటుంది? పశువుల్ని లెక్కపెట్టారు గానీ దారిని లెక్కపెట్టలేదు. దారి లేని చోట చివరికి మిగిలేది ఫోనే. కాబట్టి ఫోన్ వైద్యం పట్నంలో కుక్కపిల్లల కోసం వచ్చిన సదుపాయం అనుకోకండి. దాని నియమాలు ఎవరికంటే ఎక్కువగా మనకే తగులుతాయి.

మనుషుల వైద్యానికి ఏం చేశారో చూద్దాం. కరోనా కాలంలో, 2020 మార్చి 25న, టెలిమెడిసిన్‌కు నియమావళి ఇచ్చారు. డాక్టరు తన పేరు, రిజిస్ట్రేషన్ నంబరు చెప్పాలి. రికార్డు దాచాలి. ఏ మందు ఫోన్ మాట మీద రాయవచ్చు, ఏది వీడియోలో చూశాకే రాయాలి, ఏది అసలు రాయకూడదు అని జాబితాలు వేశారు. రోగి పక్కన ఆరోగ్య కార్యకర్త ఉండి డాక్టరుతో మాట్లాడే పద్ధతిని కూడా గుర్తించారు. పశువుల విషయంలో అలాంటి కాగితం ఏదన్నా ఉంటే చూపించమని నేను మా మండలంలో అడిగాను. ఎవరూ చూపించలేదు.

నిజానికి పశువుకు ఇంకా గట్టి నియమం కావాలి. మనిషి తన నొప్పి ఎక్కడుందో చెబుతాడు, పశువు చెప్పదు. మనిషికి వచ్చిన చాలా జబ్బులు ఆ మనిషితోనే ఆగుతాయి. ఒక మేకకు పారుడు రోగం వస్తే మందంతా ఖాళీ అవుతుంది. పైగా ఆ పశువు పాలు మన పిల్లలు తాగుతారు, దాని మాంసం మనం తింటాం. యాంటీబయాటిక్ వేసిన పశువు పాలు ఎన్ని రోజులు వాడకూడదో ఫోన్‌లో ఎవరన్నా చెబుతున్నారా?

ఇక దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్. విశాఖ మన్యంలో చచ్చిన పశువును కోసి తిన్నవాళ్ళు ఒంటి మీద నల్లటి పుండ్లతో ఆసుపత్రి పాలైన సంగతి మనలో చాలామందికి గుర్తే. హఠాత్తుగా చచ్చి, ముక్కు నుంచో వెనక నుంచో నల్లటి రక్తం కారుతున్న పశువును కొయ్యకూడదు. కోస్తే ఆ క్రిమి గాలి తగిలి గింజకట్టి, మట్టిలో దశాబ్దాలు బతుకుతుంది. ఫోన్ ఎత్తిన మనిషి మొదట చెప్పాల్సిన మాట ఇది. ఇక్కడ మందు రాయడం కాదు పని, మండలానికి కబురు చెయ్యడం పని.

ఇంకో ఉదాహరణ. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందును పశువులకు వాడకూడదని 2006లో మన దేశంలో నిషేధించారు. ఆ మందు వేసిన పశువు చచ్చి, దాన్ని తిన్న రాబందులు కిడ్నీలు పాడై రాలిపోయాయి. బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద మిగిలిన రాబందుల్ని కాపాడటానికి ఎన్ని పాట్లు పడ్డారో ఆసిఫాబాద్ పిల్లలకు తెలుసు. ఎవరు రాశారో తెలియని ఒక మెసేజ్ కొండ మీది పక్షి దాకా వెళుతుంది. దీన్ని చిన్న విషయం అంటారా?

మరి ఏం కావాలి?

మొదట కావాల్సింది చెయ్యి. ఫోన్‌లో కన్ను ఉంది, చెవి ఉంది, చెయ్యి లేదు. మా కోడె వాపును నొక్కే శిక్షణ ఉన్న చెయ్యి ఒకటి ఊళ్ళో ఉండి ఉంటే కథ వేరేలా ఉండేదేమో. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం 30వ సెక్షన్ చదవండి. వైద్యం చెయ్యాల్సింది రిజిస్టరైన పశువైద్యులే అని అది చెబుతుంది. అది సరైనదే. కానీ అదే సెక్షన్‌లో ఒక తలుపు ఉంది. తగిన డిప్లొమా లేదా సర్టిఫికెట్ ఉన్న సహాయకులు, రిజిస్టరైన డాక్టరు పర్యవేక్షణలో, టీకాలు, గాయాలకు కట్టు లాంటి చిన్న సేవలు చెయ్యడానికి రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇవ్వవచ్చు. ఇంకా ఏయే ప్రాథమిక సేవలు చేర్చాలో కూడా ప్రభుత్వమే ప్రకటించవచ్చు. ఆ తలుపు మన కోసం తెరవమని అడగాలి. ఊరికో యువకుడినో యువతినో ఎంచుకుని, శిక్షణ ఇచ్చి, సర్టిఫికెట్ ఇచ్చి, జీతం ఇచ్చి నిలబెట్టాలి. డాక్టరు ఫోన్‌లో, ఈ మనిషి పశువు పక్కన. థర్మామీటరు పెట్టేది, వాపు నొక్కేది, నోరు తెరిచి చూసేది ఇక్కడి మనిషి. నిర్ణయం డాక్టరుది, బాధ్యత కూడా డాక్టరుదే.

శిక్షణ చాలని వాళ్ళను డాక్టర్లను చేస్తారా అని పశువైద్యులు అడుగుతారు. వాళ్ళ భయం అర్థం లేనిది కాదు. సూది పట్టుకున్న ప్రతివాడూ డాక్టరైపోయిన ఊళ్ళు మనకు తెలుసు. కానీ ఇప్పుడు ఆ పని చేస్తున్నది ఎవరు? మందుల షాపువాడు. మనం అడిగేది డాక్టరుకు బదులు ఇంకొకరిని కాదు, డాక్టరుకు ఒక చెయ్యిని.

రెండోది భాష. కువిలో, గోండీలో, కొలామీలో, సవరలో పశువు నొప్పికి ఉన్న మాటలు అవతల ఫోన్ ఎత్తేవాళ్ళకు తెలియవు. మా అవ్వ మేక నడక చూసి రోగం చెబుతుంది, దాన్ని తెలుగులో చెప్పమంటే ఆగిపోతుంది. అందుకే పశువు పక్కన నిలబడే ఆ మనిషి ఆ ఊరి భాష వచ్చినవాడే కావాలి. ఇక్కడ టీచర్లకు ఒక చేదు పాఠం గుర్తుండాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ ఆదివాసీలకే అన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. కాబట్టి ఉత్తి జీవోతో సంబరపడకూడదు. భాష రావడం ఈ పనికి అర్హత అని, దాని కారణంతో సహా, నియమంలోనే రాయించుకోవాలి.

మూడోది కాగితం. ఫోన్ ఎత్తిన ప్రతి డాక్టరు ముందుగా పేరు, రిజిస్ట్రేషన్ నంబరు చెప్పాలి. రాసిన మందు, మోతాదు, పాలు ఎన్నాళ్ళు ఆపాలి, ఎప్పటికి తగ్గకపోతే మళ్ళీ చెయ్యాలి, అన్నీ తెలుగులో మెసేజ్‌గా రావాలి, ఊరి రిజిస్టరులో ఎక్కాలి. రిజిస్టరు లేకపోతే చచ్చిన పశువుకు పరిహారం అడగడానికి సాక్ష్యం లేదు.

నాలుగోది హద్దు. ఏ లక్షణాలు చెబితే ఫోన్ వైద్యం ఆపి మనిషి రావాల్సిందేనో జాబితా ఉండాలి. హఠాత్ మరణం, రక్తం కారడం, ఒకేసారి చాలా పశువులు పడిపోవడం, ఈనలేక అడ్డంపడ్డ పశువు. ఈ జాబితాలో ఉన్నదానికి ఎన్ని గంటల్లో మనిషి రావాలో కూడా రాయాలి. గడువు లేని హామీ సంతలో అప్పు లాంటిది. ఇస్తానంటాడు, ఎప్పుడో చెప్పడు.

అయిదోది గ్రామసభ. 1996 నాటి పెసా చట్టం సామాజిక రంగాల్లో పనిచేసే సంస్థల మీద, ఉద్యోగుల మీద అదుపు ఉంచే అధికారం గురించి మాట్లాడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో దానికి 2011లో నియమాలూ వచ్చాయి. ఎన్ని ఫోన్లు వెళ్ళాయి, ఎన్నింటికి జవాబు వచ్చింది, ఎన్ని పశువులు బతికాయి అని ఏడాదికి రెండుసార్లు గ్రామసభ ముందు చదివి వినిపించాలి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇదంతా ఎవరో వచ్చి చేసిపెడతారని కూర్చోకండి. ఈ వానాకాలం లోపే మీ ఊళ్ళో ఒక నోటు పుస్తకం తెరవండి. ఏ ఇంట్లో ఏ పశువు ఎప్పుడు జబ్బుపడింది, ఎవరికి ఫోన్ చేశారు, ఏం చెప్పారు, ఏమైంది, రాసిపెట్టండి. టీచర్లూ, బడిలో పిల్లలకు మూడు సంగతులు నేర్పండి. హఠాత్తుగా చచ్చిన పశువును కొయ్యకూడదు. 1962కి ఫోన్ చేస్తే డబ్బులు కట్టనక్కర్లేదు. ఫోన్‌లో మాట్లాడేవారి పేరు, నంబరు అడగడం తప్పు కాదు, మన హక్కు.

ఆ పుస్తకం పట్టుకుని గ్రామసభలో నిలబడితే మన మాట ఫిర్యాదుగా కాదు, లెక్కగా వినిపిస్తుంది. చిన్నాన్న ఆ ఏడు పక్కింటి ఎద్దును అడుక్కుని దున్నాడు. బదులుగా వాళ్ళ పొలంలో పది రోజులు కూలి లేకుండా పనిచేశాడు. మా పుస్తకంలో మొదటి పేజీ నేను ఆ కోడెతోనే మొదలుపెట్టాను. ఫోన్ ఎత్తిన డాక్టరు పేరు అన్న గడి ఖాళీగా ఉంది. ఇంకో పేజీలో ఆ గడి ఖాళీగా ఉండకూడదు.