ఆయన చెప్పాడు... ఆవిడ రాసింది

ఈ పేజీకి మ్యాటర్ ఇవ్వాల్సింది ప్రతి మంగళవారం సాయంత్రం. సోమవారం రాత్రి దాకా నా పెన్ను కదలదు. ఈ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు, ఇంట్లోవాళ్లకి ఇంకా బాగా తెలుసు. అందుకే, గడువు మెడ మీదికొస్తే తప్ప రాయలేని రచయితల గురించి ఎక్కడ చదివినా నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది. అలాంటివాళ్లందరికీ పెద్దదిక్కు ఒకాయనున్నాడు. ఫ్యోదర్ దాస్తోయెవ్‌స్కీ!

విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యాన్ ఊళ్లోకొస్తే చవగ్గా రష్యన్ పుస్తకాలు కొనుక్కున్న తరం మా నాన్నది. ఆ బీరువాలోనే ఈయన పేరు మొదటిసారి చూశాను. నోరు తిరక్క వదిలేశాను కూడా. తర్వాత ‘నేరము-శిక్ష’ చదివినప్పుడు మాత్రం ఒకటే అనుమానం... ఇన్ని హత్యలు, అప్పులు, పిచ్చి, పశ్చాత్తాపం బుర్రలో పెట్టుకున్న మనిషి ఇంట్లో ఎలా ఉండేవాడు? పిల్లల్ని ఎత్తుకునేవాడా? సరుకులు తెచ్చేవాడా? జవాబు ఆయన భార్య అన్నా, కూతురు ల్యుబోవ్ రాసిన జ్ఞాపకాల్లో ఉంది. (ఆవిడ పేరు మన చెవికి ‘ఒరే అన్నా’ అన్నట్టు వినిపిస్తుంది. ఏం చేస్తాం, ఆ పేరే!)

26 రోజులు

అసలు వాళ్లిద్దరినీ కలిపింది ఒక దుర్మార్గపు కాంట్రాక్టు. 1864లో దాస్తోయెవ్‌స్కీ అన్నయ్య మిఖాయిల్ చనిపోయాడు. ఆయన అప్పులు, ఆయన కుటుంబం తమ్ముడి నెత్తినపడ్డాయి. మరుసటి ఏడాది స్తెల్లోవ్‌స్కీ అనే ప్రచురణకర్త 3000 రూబుళ్లు ఇచ్చి సంతకం పెట్టించుకున్నాడు. షరతు ఏమిటంటే, 1866 నవంబరు 1 కల్లా కొత్త నవల ఇవ్వాలి. ఇవ్వకపోతే తర్వాత తొమ్మిదేళ్లపాటు ఈయన ఏం రాసినా పైసా ఇవ్వకుండా స్తెల్లోవ్‌స్కీ అచ్చేసుకోవచ్చు!

అక్టోబరు వచ్చింది. ‘నేరము-శిక్ష’ పత్రికలో సీరియల్‌గా నడుస్తోంది. ఇవ్వాల్సిన నవలలో ఒక్క పేజీ కూడా లేదు. స్టెనోగ్రాఫర్‌ని పెట్టుకోమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. మన దగ్గర టైపు ఇన్‌స్టిట్యూట్లలో లోయర్, హయ్యర్ పాసైతే ఉద్యోగం గ్యారంటీ అనుకున్న రోజులున్నాయి కదా. అప్పట్లో పీటర్స్‌బర్గ్‌లో షార్ట్‌హ్యాండ్ అలాంటి కొత్త విద్య. ఆడపిల్ల సొంతంగా సంపాదించుకోవడానికి ఒక దారి. ఆ క్లాసులో అందరికన్నా చురుకైన అమ్మాయిని మాస్టారు పంపించారు. అన్నా స్నీత్కినా, వయసు 20. మొత్తం పనికి జీతం 50 రూబుళ్లు. వాళ్ల నాన్న దాస్తోయెవ్‌స్కీకి వీరాభిమాని. ఆ ఏడాదే పోయాడు పాపం, కూతురు ఎవరి దగ్గర పనికి వెళ్తోందో చూడలేదు.

అక్టోబరు 4న (పాత రష్యన్ క్యాలెండర్ లెక్క ఇది) ఆ అమ్మాయి తలుపు తట్టింది. మొదటి రోజే ఆయన తనకు మూర్ఛ జబ్బుందని, ఈమధ్యే వచ్చిందని చెప్పేశాడు. అమ్మాయి పేరు అడిగి, మళ్లీ మర్చిపోయి, మళ్లీ అడిగాడు. సిగరెట్టు ఇవ్వబోయాడు, వద్దంది. పరధ్యానంలో మళ్లీ ఇవ్వబోయాడు. డిక్టేషన్ మొదలుపెడితే వరదే. మామూలుగా మాట్లాడినంత వేగంతో చెప్పండి చాలు అని ఆమే సర్దిచెప్పాల్సివచ్చింది.

ఇక అక్కణ్నుంచి రోజూ అదే వరస. రాత్రి ఆయన నోట్సు రాసుకునేవాడు. మధ్యాహ్నం నుంచి నాలుగింటి దాకా చెప్పేవాడు. ఆమె ఇంటికి వెళ్లి షార్ట్‌హ్యాండ్‌ని మామూలు అక్షరాల్లోకి ఎత్తి రాసి మర్నాడు తెచ్చేది. ఒకరోజు వచ్చి చూస్తే గదిలో చైనా పూలకుండీలు లేవు. తాకట్టు! ఇంకోరోజు ఆయన చెక్క గరిటెతో భోంచేస్తున్నాడు. వెండి చెంచాలూ తాకట్టు! ఇంతకీ చెబుతున్న నవలేమిటి? రూలెట్ పిచ్చిలో మునిగిపోయిన కుర్రాడి కథ... ‘జూదరి’. ఆ పిచ్చి ఎవరిదో వేరే చెప్పాలా?

నవల 26 రోజుల్లో పూర్తయింది. స్తెల్లోవ్‌స్కీ తక్కువవాడా? సరిగ్గా గడువు రోజుకి ఊళ్లో లేకుండాపోయాడు. ఆఫీసులో మనిషి రాతప్రతి తీసుకోనన్నాడు. చివరికి దాస్తోయెవ్‌స్కీ పోలీస్ స్టేషన్‌కి వెళ్లి, దాన్ని అక్కడ అప్పగించి, రాత్రి పదింటికి రసీదు తీసుకున్నాడు. గడువుకి ఇంకా రెండు గంటలు!

వారం తిరక్కుండా ఆ అమ్మాయికి ఇంకో కథ వినిపించాడు. అప్పులు, జబ్బు ఉన్న ఒక నడివయసు చిత్రకారుడు ఒక చిన్నపిల్లని ప్రేమిస్తాడు. ఆమె ఒప్పుకుంటుందంటావా, నమ్మేలా ఉందా అని అడిగాడు. ఎందుకొప్పుకోదు అని వాదించింది. అయితే ఆ పిల్లవి నువ్వే అనుకో అన్నాడు. అంతే! 1867 ఫిబ్రవరిలో పెళ్లి. ఆయనకి 45, ఆమెకి 20.

తాండ్ర, టీ, కొవ్వొత్తులు

ఇప్పుడు రాతబల్ల దగ్గరికి వద్దాం. ఇల్లు సద్దుమణిగి, పిల్లలు పడుకున్నాక రాత్రి పదకొండింటికి ఆయన పని మొదలయ్యేది. తెల్లవారుజామున మూడు, నాలుగు, ఒక్కోసారి ఐదు. డికాక్షన్‌లా నల్లగా ఉండే టీ పక్కన ఉండాల్సిందే. ఇంకొకరు కలిపితే నచ్చదు, తనే కలుపుకునేవాడు. సిగరెట్లూ తనే చుట్టుకునేవాడు. పొగాకు కూరడానికి వాడేది ఏమిటనుకున్నారు? రాసే కలమే! దాని పుల్ల సరిగ్గా అందుకు సరిపోయేదట. అందుకని ఆ కలమంటే మరీ ఇష్టం.

అల్మారా కింది అరలో తినుబండారాల నిధి. ఎండు అంజీర, ఖర్జూరం, కిస్‌మిస్, ఇంకా ‘పస్తిలా’. ఆపిల్ గుజ్జుతో చేసే మిఠాయి అది, మన మామిడితాండ్రకి చుట్టం. ‘కరమజోవ్ సోదరులు’ లాంటి నవల రాస్తున్న చేయి మధ్యమధ్యలో తాండ్ర ముక్క కోసం అల్మారాలోకి వెళ్లేదంటే ఆయనంటే కాస్త భయం తగ్గుతుంది.

బల్ల మీద వస్తువులు అంగుళం జరిగినా సహించడు. డ్రెస్సింగ్ గౌను, చెప్పులతో ఇంట్లో తిరగడం ఎరుగడు. లేవగానే శుభ్రంగా స్నానం, బూట్లు, గంజిపెట్టిన కాలరు చొక్కా. రాత్రి కొవ్వొత్తి మైనం కోటు మీద పడితే పొద్దున్నే ఆ మరక పోగొట్టాల్సిందే. మరక కనిపిస్తుంటే దానిమీదే ధ్యాస పోయి పని సాగదట. కూతురు రాసిన సంగతులివి. రాతప్రతులు చూస్తే మాత్రం ఇంత శుభ్రమైన మనిషివేనా అనిపిస్తుంది. మార్జిన్ల నిండా మొహాలు, పాత చర్చిల కిటికీలు, కమానులు, పూసగుచ్చినట్టు రాసిన పేర్లు. పాత్ర మొహం కుదిరేదాకా గీస్తూ కూర్చునేవాడేమో!

వయసులో ఉన్నప్పుడు ఇంకో వింత భయం ఉండేది. గాఢనిద్రలో ఉంటే చచ్చిపోయాననుకుని పాతిపెట్టేస్తారేమో అని. కొన్ని రోజులు ఆగి చూడండి అని చీటీ రాసిపెట్టి పడుకునేవాడట. మూర్ఛ వచ్చి తగ్గాక జ్ఞాపకశక్తి దారుణంగా దెబ్బతినేది. విదేశంలో ఉండగా ఒకసారి దౌత్య కార్యాలయంలో మీ ఆవిడ పుట్టింటి పేరేమిటని అడిగితే గుర్తురాక, వెనక్కి వచ్చి ఆవిణ్నే అడిగి వెళ్లాడు. ఆ గుమాస్తా ఏమనుకున్నాడో!

ఉంగరం కూడా...

నవ్వుకునే సంగతులు ఇక్కడికి కాస్త ఆపుదాం. పెళ్లయిన రెండు నెలలకి అప్పులవాళ్ల బాధపడలేక దంపతులు విదేశాలకి వెళ్లారు. ప్రయాణం డబ్బుల కోసం అన్నా తన పుట్టింటి సామాను, పియానో తాకట్టుపెట్టింది. మూడు నెలలు అనుకున్నది నాలుగేళ్లు దాటింది. ఆ మొదటి వేసవిలోనే బాడెన్-బాడెన్‌లో ఆయన రూలెట్ బల్ల దగ్గరికి చేరాడు. ఆమె అప్పటికి గర్భిణి. చెవిపోగులు, బ్రోచ్, పెళ్లి ఉంగరం, చివరికి బట్టలు... అన్నీ తాకట్టు కొట్టుకి వెళ్లాయి. ఓడిపోయి వచ్చి కాళ్లమీద పడి ఏడ్చేవాడు. మళ్లీ డబ్బులడిగేవాడు. ఆమె ఇచ్చేది.

జ్ఞాపకాల పుస్తకంలో అన్నా ఇదంతా శాంతంగా రాసుకుంది. అదొక జబ్బు, తిట్టి లాభం లేదు అంటుంది. పైగా రాత సాగక ఆయన సతమతమవుతుంటే వెళ్లి ఆడి రమ్మని తనే పంపేది. మొత్తం పోగొట్టుకుని వచ్చాక కసిగా కూర్చుని రాసేవాడట! ఇది చదివినప్పుడు నాకు ఆవిడ మీదే కోపం వచ్చింది. అయితే ఆ పుస్తకం ముసలితనంలో రాసింది. అదే 1867లో ఆమె రోజూ షార్ట్‌హ్యాండ్‌లో డైరీ రాసేది, భర్తకి అర్థంకాకుండా. అందులోని అమ్మాయి వేరు. విసుక్కుంటుంది, చిన్నబుచ్చుకుంటుంది, లెక్కలు వేస్తుంది. ఏ విద్యతో ఆయన నవలలు రాసిపెట్టిందో అదే విద్యతో తన కోపాన్ని దాచిపెట్టుకుంది.

1868లో జెనీవాలో మొదటిబిడ్డ సోన్యా పుట్టింది. మూడు నెలలకే న్యుమోనియాతో పోయింది. ఆయన అప్పుడు రాస్తున్నది ‘ఇడియట్’. పత్రికకి వాయిదాలు పంపాలి, అడ్వాన్సు ముందే వాడేసుకున్నారు. బిడ్డని సమాధిచేసి వచ్చి మళ్లీ బల్ల ముందు కూర్చోక తప్పలేదు.

1871 ఏప్రిల్‌లో వీస్‌బాడెన్‌లో ఆఖరుసారి ఆడాడు. ఓడిపోయి, ఇక ఆడనని భార్యకి ఉత్తరం రాశాడు. అంతకుముందూ చాలాసార్లు రాశాడు కాబట్టి ఆమె నమ్మలేదు. కానీ ఈసారి మాట నిలబెట్టుకున్నాడు.

రష్యాకి తిరిగొచ్చాక లెక్కల పుస్తకం అన్నా చేతికి వచ్చింది. అసలు మజా ఇక్కడుంది. అప్పులవాడు ఒకడు వచ్చి, దాస్తోయెవ్‌స్కీని జైల్లో పెట్టిస్తానని బెదిరించాడు. ఆమె తాపీగా చెప్పింది... ఇల్లు నా పేరున అద్దెకు తీసుకున్నాం, సామాను నా పేరున వాయిదాల మీద కొన్నాం, మీకేమీ రాదు. ఆయన జైల్లో కూర్చుంటారు. అప్పటి చట్టం ప్రకారం ఖైదీ తిండి ఖర్చు మీరే కట్టాలి, సరేనా! వాడు దారికొచ్చి వాయిదాలకి ఒప్పుకున్నాడు. 1873లో ప్రచురణకర్తలతో పనిలేకుండా భర్త నవల ‘దయ్యాలు’ని 3500 కాపీలు సొంతంగా అచ్చేయించి ఇంట్లోనే అమ్మింది. మొదటిరోజే వందకి పైగా కాపీలు పోయాయి. కమీషన్ల దగ్గర షాపులవాళ్లతో బేరాలాడింది కూడా ఆవిడే. రచయితగారు అప్పుడు నిద్రపోతున్నారు, రాత్రంతా మేలుకున్నారు కదా.

ఇంత తెలివైన మనిషి మీద ఆయన అసూయ చూడండి. 1876లో అన్నా సరదాకి, ఒక నవలలోని ఆకాశరామన్న ఉత్తరాన్ని కాపీచేసి భర్తకి పోస్టులో వేసింది. మీ భార్య మెడలోని లాకెట్‌లో ఎవరి బొమ్మ ఉందో చూసుకో అని అందులో ఉంది. ఆ నవల అంతకుముందే ఆయన చదివాడు, గుర్తుపట్టి నవ్వుతాడని ఆమె లెక్క. ఆయన గొలుసు పట్టి లాగితే తెగి చేతిలోకి వచ్చింది. వణికే చేతులతో లాకెట్ తెరిచాడు. ఒకవైపు కూతురు ల్యూబా, రెండోవైపు తనే!

1878 మేలో మూడేళ్ల చిన్నకొడుకు అల్యోషా పోయాడు. మూర్ఛతో. తండ్రి నుంచి వచ్చిన జబ్బే. భర్తని అలా చూడలేక అన్నా ఆయన్ని ఒక యువ మిత్రుడితో కలిపి ఆప్తినా మఠానికి పంపింది. అక్కడి వృద్ధ సన్యాసి, బిడ్డ పోయిన తల్లికి చెప్పమని కొన్ని ఓదార్పు మాటలు చెప్పి పంపాడు. ఆ మాటలు తర్వాత ‘కరమజోవ్ సోదరులు’లో బిడ్డ పోయిన ఒక పల్లెటూరి తల్లి చెవిన పడతాయి. ఆ నవల కథానాయకుడి పేరు అల్యోషా. చెబుతుంటే షార్ట్‌హ్యాండ్‌లో రాసుకున్నది ఆ తల్లే. పుస్తకాన్ని ఆయన అంకితమిచ్చింది కూడా ఆవిడకే.

1881 జనవరిలో ఒక రాత్రి రాసుకుంటుండగా కలం దొర్లి అల్మారా వెనక్కి పడింది. సిగరెట్లు కూరే ఆ కలమే. దానికోసం బరువైన అల్మారా జరిపాడు. నోట్లోంచి రక్తం వచ్చింది. రెండు రోజుల తర్వాత, 28న చనిపోయాడు. బల్ల మీదున్న సిగరెట్ పెట్టె అడుగున పదకొండేళ్ల ల్యూబా తండ్రి పోయిన తేదీ రాసిపెట్టింది. పీటర్స్‌బర్గ్‌లో వాళ్లున్న ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం, ఆ పెట్టె అక్కడే ఉంది.

అన్నాకి అప్పుడు 34. ఇంకో 37 ఏళ్లు బతికింది. సంపూర్ణ రచనలు మళ్లీ మళ్లీ అచ్చేసింది, కాగితం ముక్క పోకుండా రాతప్రతులన్నీ దాచింది. మళ్లీ పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే, దాస్తోయెవ్‌స్కీ తర్వాత ఇంకెవర్ని చేసుకోమంటారు, టాల్‌స్టాయ్‌నా అనేదట.

చెప్పడం మరిచాను. పెళ్లయిన కొత్తలో, ఆడవాళ్లకి ఏ పనిమీదా నిలకడ ఉండదని ఆయన ఒకరోజు అన్నాడు. ఆమె ఆ పూటే వెళ్లి ఒక ఆల్బమ్ కొనుక్కొచ్చింది. ఇంటికి వచ్చే ఉత్తరాల మీది స్టాంపులు తీసి అతికించడం మొదలుపెట్టింది. ఒక్క స్టాంపూ డబ్బుపెట్టి కొనలేదు. సగం శతాబ్దం తర్వాత, జ్ఞాపకాలు రాసుకుంటున్న రోజుల్లో కూడా ఇంకా అతికిస్తూనే ఉంది.