గృహవిషయములు: ముదిసిన ఫోను మొరాయించినపుడు



మా నర్సీపట్నమునుండి చింతపల్లికి పోవు ఘాటుదారిలో లంబసింగి యను గ్రామము కలదు. సుమారు వేయి మీటర్ల యెత్తున నుండుటచే పుష్యమాసమున నచట చలి మిక్కుటము. గడచిన శీతకాలమున నొక యాదివారమునాడు, ఊరినుండి వచ్చిన మా చెల్లెలికిని పిల్లలకును మంచు చూపుటకై తెల్లవారుజామున నచటికి గొనిపోయితిమి. మావారు ఉపాధ్యాయుల శిక్షణకై విశాఖపట్టణము వెళ్లియుండిరి. ఇంట మా యత్తగారొక్కరే. ఆమెకు షుగరు వ్యాధి కలదు. మా నెంబరు దక్క వేరొకటి నొక్కుట యెరుగరు.

బయలుదేరునపుడు మా ఫోనులో నూటికి 45 పాళ్ల ఛార్జి యుండెను. కొండపై పిల్లల ఛాయాచిత్రము తీయబోగా నది తటాలున నారిపోయెను. ఎంత నొక్కినను వెలుగదయ్యెను. పోనిమ్మనుకొంటిమి. మధ్యాహ్నమునకు క్రిందికి దిగివచ్చి మీట నొక్కగా వెలిగి, 38 పాళ్లు మిగిలియున్నట్లు చూపెను! వెనువెంటనే అత్తగారు తొమ్మిదిమార్లు పిలిచినట్లు సందేశము వచ్చెను. పరుగున నింటికి బోతిమి. ఆమెకు చెమటలు గ్రమ్మి వణకు పుట్టగా, పొరుగింటి పిన్నిగారు చూచి పంచదారనీళ్లు త్రాగించి కూర్చుండబెట్టిరట. ఆ పిన్నిగారే రాకున్న నేమయ్యెడిదో తలచుకొన్న నిప్పటికిని మా గుండె దడదడలాడును.

ఛార్జి యుండగనే ఫోనెట్లారినది? దీనికి సమాధానము మన వంటింటనే కలదు. మంచి చలిలో కొబ్బరినూనె సీసాను తలక్రిందులు చేసి చూడుడు. సీసానిండ నూనె యున్నను బొట్టు రాలదు. బ్యాటరీలో లిథియము కణము లొక ద్రవమున నీదుచు నీవలి కొననుండి యావలి కొనకు పోవుటవలన మనకు విద్యుత్తు లభించును. చలిలో వాని నడక మందగించును. బ్యాటరీ ముదిసినకొలది లోపల పాచివంటి పొర పేరుకొని దారి యిరుకగును. ముదిమియు చలియు గలిసినపుడు, కెమెరా యొక్కమారుగ నధికశక్తి నడిగిన నీయజాలదు. అంతట ఫోను తన్ను తాను కాపాడుకొనుటకై యారిపోవును. వెచ్చబడిన పిదప మరల లేచును. మా చెల్లెలి క్రొత్త ఫోను అదే చలిలో నిశ్చింతగ పనిచేయుచుండెను. కావున తప్పు చలిది కాదు. దాగియున్న ముదిమిని చలి బయటపెట్టినది, అంతియే.

ఈ జాతి బ్యాటరీని 1991లో జపానుదేశపు సోనీ సంస్థ తొలుత విక్రయమునకు తెచ్చెను. దీనికి బాటవేసిన గుడినఫ్, విట్టింగ్‌హామ్, యోషినో యను మువ్వురు పండితులకు 2019లో రసాయనశాస్త్రమున నోబెలు బహుమానము లభించెను. ఇంతటివారి సృష్టియైనను దాని యాయువు పరిమితమే. సామాన్యముగ 500 మార్లు నిండుగ ఛార్జి చేసి వాడునప్పటికి, తొలినాటి సత్తువలో నూటికి 80 పాళ్ల చేరువకు దిగును. రెండు మూడేండ్లలో నీ దశ వచ్చుట సహజము. మాది ఆరేండ్ల ఫోను! మూడుమాసములుగ 60 నుండి 30కి నొక్కసారిగ జారుచు సూచనల నిచ్చుచునే యుండెను. మేమే పెడచెవిని పెట్టితిమి.

మీ ఫోనున నిట్టి చిక్కు పొడసూపినచో, క్రొత్తది కొనుటకు ముందు ఈ క్రమమున పరీక్షింపుడు.

మొదటిది. ఛార్జి యెక్కకున్నచో వెంటనే బ్యాటరీని నిందింపకుడు. వేరొక తీగతోను, వేరొక ఛార్జరుతోను చూడుడు. తీగ దూర్చు రంధ్రమున నూలుపోగులును దుమ్మును చేరుట కలదు. ఫోను నార్పి, పొడి కొయ్యపుల్లతో మెల్లగ తీయుడు. సూదియు పిన్నీసును పనికిరావు.

రెండవది. ఛార్జి త్వరగ తరుగుచున్నచో, సెట్టింగులలో బ్యాటరీ యను చోట ఏ యాప్ ఎంత వాడుచున్నదో తెలియును. అక్కరలేనివానిని తీసివేయుడు, తెరవెలుగు తగ్గింపుడు. టవరు సరిగ నందనిచోట ఫోను దానికై బిగ్గరగ కేకలు వేయువానివలె నలసిపోవును. ఏజెన్సీ దారులలో పోవునపుడు, ఇంట మన పిలుపునకై యెదురుచూచువారు లేకున్న, ఫ్లైట్ మోడ్‌లో నుంచుట మేలు.

మూడవది. ఇవి యన్నియు సరిగనున్నను 30, 40 పాళ్లవద్దనే యారుచున్నచో బ్యాటరీ ముదిసినదని యెంచవచ్చును. కొన్ని ఫోనులలో బ్యాటరీ ఆరోగ్య మంకెలలో చూపబడును. 80కి దిగువనున్న మార్చుట మంచిది. ఫోను మందగించుటకును నిదియే కారణము కావచ్చును. ముదిసిన బ్యాటరీగల కొన్ని ఐఫోనులు హఠాత్తుగ నారిపోకుండుటకై వాని వేగమును తాము తగ్గించుచున్నామని ఆపిల్ సంస్థవారే 2017లో నొప్పుకొనిరి.

నాలుగవది మిగిలినవానికంటె ముఖ్యము. ఫోనును బల్లపై వెల్లకిల పెట్టినపుడు ఊగులాడినను, వెనుకమూత లేచినను, తెర యుబ్బినను, లోపల వాయువు పుట్టి బ్యాటరీ యుబ్బినదని గ్రహింపుడు. ఒక్క నిమిషమైనను ఛార్జి పెట్టవలదు. నొక్కవలదు, గుచ్చవలదు. ఆర్పివేసి, పొయ్యికిని పిల్లలకును దూరముగ నుంచి సర్వీసు సెంటరునకు కొనిపోవుడు. ఇది నిప్పంటుకొను వస్తువు.

ఈ మాట యనుభవముమీదనే చెప్పుచున్నాము. లంబసింగి ముచ్చట పిమ్మట మే మొక యంగడిలో చౌకయని నకిలీ బ్యాటరీ వేయించితిమి. రెండుమాసములకే యది యుబ్బెను! పిదప కంపెనీవారి సర్వీసు సెంటరున నసలైనది వేయించగా, నేటివరకు చక్కగ నడచుచున్నది. అయిన వ్యయము క్రొత్త ఫోను వెలలో నల్పభాగమే. శుక్రుని శాపమున ముదిమి నొందిన యయాతి, పూరుని యౌవనము పుచ్చుకొని మరల పడుచువాడయ్యెనని భారతమున చదివియున్నాము గదా! ఫోనున కట్టి త్యాగశీలుడగు పుత్రు డక్కరలేదు, మంచి బ్యాటరీ చాలును. అయినను, కంపెనీవారు భద్రతా అప్‌డేట్లు మానివేసిన ఫోనున బ్యాంకు వ్యవహారములు చేయకుండుటయే క్షేమము.

క్రొత్త బ్యాటరీ చిరకాలము మన్నుటకు ముఖ్యమైన పథ్యము వేడిని తప్పించుట. పొయ్యిగట్టుమీదను, ఎండపడు కిటికీలోను, తలగడక్రిందను ఛార్జి పెట్టరాదు. నిత్యము 20కి దిగజార్చకయు, 80 దాటి నింపకయు వాడిన నాయువు పెరుగును. తీసివేసిన పాతబ్యాటరీని చెత్తబుట్టలో వేయకుడు. 2022 నాటి నియమములనుబట్టి వానిని తిరిగి సేకరించు బాధ్యత తయారుచేయు సంస్థలదే. కావున సర్వీసు సెంటరువారికే యప్పగింపుడు.

మరియొక్క మాట. బ్యాటరీ మార్చిననాడే మేము మరియొక పని చేసితిమి. పిన్నిగారి నెంబరును, మావారి నెంబరును, 108ని పెద్దయక్షరములతో వ్రాసి యత్తగారి మంచముచెంత గోడ కంటించితిమి. ఆ మూడును నొక్కుట యామెకు నేర్పితిమి. ఎంత మంచి బ్యాటరీయైనను నొకనాడు ముదియును. ఇంటి క్షేమమును దానియొక్కదానికే యప్పగించియుండుటయే మా యసలు తప్పిదము. మీ యింటిగోడనుకూడ నొకమారు చూచుకొనుడు.