సంతకం మాత్రం మనదే

యంత్రయుగం అనే మాట వినీ వినీ మనకు పాతబడిపోయింది. ట్రాక్టరు వచ్చింది, ఎడ్లు పోయాయి. కోతమిషను వచ్చింది, కొడవళ్ళు చూరుకెక్కాయి. రాతకోతల్లో కోత అలా అయిపోయింది; ఇప్పుడు రాత వంతు వచ్చింది. 2022 నవంబరు 30న చాట్ జీపీటీ జనం చేతికి అందినప్పటి నుంచి అర్జీ, అప్లికేషను, రిపోర్టు, రికార్డు ఏదడిగినా నిమిషంలో తయారు. దీన్ని వాడాలా, మానాలా అని హాస్టలు గదుల్లోనూ స్టాఫ్ రూములోనూ వాదోపవాదాలు జరుగుతున్నాయి. ఈ వాదంలో నేను చదివి కాదు, దెబ్బతిని మాట్లాడుతున్నాను.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పుడు నేను డిగ్రీ మొదటి సంవత్సరం. మాకు మూడెకరాల వరి. ఎకరంన్నర కోసి పనల మీద ఉండగా వాన పట్టుకుంది. నీళ్ళలో నానిన పనలకు మొలకలొచ్చాయి. మిగతా ఎకరంన్నర ఒరిగింది గాని గింజ దక్కింది. నష్టపరిహారానికి అర్జీ పెట్టాలన్నాడు నాన్న. ఇంగ్లీషులో ఉంటే ఆఫీసులో విలువుంటుందనుకొని, "తుఫానుకు మా మూడెకరాల వరి దెబ్బతింది, అర్జీ రాయి" అని ఫోనులో ఒక్క ముక్క కొట్టాను. చూస్తూండగానే పేజీ నిండింది. అబ్బో, ఏం ఇంగ్లీషు! చదువుతుంటే నాకే కళ్ళు చెమర్చాయి. సర్వే నంబరు చేర్చి, ప్రింటు తీయించి నాన్న ముందు పెట్టాను. ఆయనకు ఇంగ్లీషు రాదు. "నువ్వు రాశావు గదా, చాల్లే" అని సంతకం చేశాడు.

చేను చూడ్డానికి వచ్చిన ఉద్యోగి గట్టుమీద నిలబడి కాగితం చూశాడు, చేను చూశాడు. "ఏమయ్యా, మూడెకరాలూ సర్వనాశనమైందని రాశావు, సగం పైరు కళ్ళెదుట ఉందే?" అన్నాడు. పక్కన నలుగురు రైతులున్నారు. కొలతలో గుప్పెడు గింజలు తేడా రానివ్వడని ఊళ్ళో పేరున్న మనిషి మా నాన్న. నావైపు ఒక్కసారి చూసి తల దించుకొన్నాడు. ఆ సాయంత్రమే ఎకరంన్నరకు కొత్త అర్జీ నా చేత్తో, తెలుగులో రాసిచ్చాను. ఇంట్లో ఆయన తిట్టలేదు. "ఏరా, ఆ మిషను మన చేను చూసిందంట్రా?" అని మాత్రం అడిగాడు.

సైన్సు విద్యార్థిగా ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కొన్నాను. చూడలేదు, చూడలేదు కూడా. కోట్లాది పేజీల రాతను నమిలి, ఒక మాట తర్వాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశముందో లెక్కకట్టి పేర్చడం దాని పని. తుఫాను, రైతు, అర్జీ అనగానే వాటి వెనక "సర్వనాశనం" అనే మాట నడిచి వస్తుంది. అది అబద్ధమాడాలని ఆడింది కాదు. నిజమేమిటో దానికి నేను చెప్పనే లేదు. తప్పు దానిలో పావలా అయితే నాలో ముప్పావలా.

చదువుకొన్నవాళ్ళకు ఇలా జరగదనుకోకండి. అమెరికాలో న్యూయార్కులో ఒక విమానం కంపెనీ మీద వేసిన దావాలో ప్లీడర్లు ఈ యంత్రం చెప్పిన పాత తీర్పులను కోర్టు ముందు పెట్టారు. విచారిస్తే అలాంటి తీర్పులే లేవు! 2023 జూన్‌లో జడ్జిగారు అయిదువేల డాలర్ల జరిమానా వేశారు. జరిమానా యంత్రానికి పడలేదు, సంతకం పెట్టినవాళ్ళకు పడింది. అదే సంవత్సరం జనవరిలో నేచర్ పత్రిక ఇలాంటి యంత్రాన్ని పరిశోధన వ్యాసానికి రచయితగా ఒప్పుకోమని ప్రకటించింది. రాసినదానికి జవాబుదారీ వహించలేనిది రచయిత ఎలా అవుతుంది?

అయితే మానేద్దామా? మానడం తెలివి కాదని నా అభిప్రాయం. తెలుగు మీడియంలో చదివి వచ్చిన నాబోటివాడికి ఇంగ్లీషు ఉత్తరం ఒక గోడ. ఉద్యోగానికి దరఖాస్తు రాయాలంటే ఇన్నాళ్ళూ ఎవరినో బతిమాలుకోవాలి. ఆ గోడకు ఈ యంత్రం నిచ్చెన వేసింది. నిచ్చెన కాపీతో సమానమని కొందరు పెద్దలంటారు. నిచ్చెన ఎక్కేది మన కాళ్ళతోనైతే అది కాపీ కాదు.

మా మండలాఫీసు ముందు చెట్టుకింద ఒక అర్జీల లేఖరి కూర్చునేవాడు. మనిషి రాగానే కలం తీసేవాడు కాదు. "పొలమెంత? హద్దులేవి? ఎప్పుడు జరిగింది? ఎవరు చూశారు? నీక్కావలసిందేమిటి?" అని పది ప్రశ్నలు వేసి, ఆ తర్వాతే రాసేవాడు. రాశాక పైకి చదివి వినిపించేవాడు. "సరేనా?" అని అడిగి అప్పుడు వేలిముద్ర వేయించేవాడు. రాతలో అసలు విద్య అదీ. ఇప్పుడు నేనూ అదే చేస్తున్నాను. ముందు జరిగింది జరిగినట్టు తెలుగులో కాగితం మీద పెడతాను. "రాసేముందు నీకేం తెలియాలో నన్నడుగు" అని యంత్రానికి చెప్తాను. వచ్చినదానిలో ప్రతి అంకె, ప్రతి పేరు సరిచూస్తాను. నేను చెప్పని మాట ఉంటే కొట్టేస్తాను. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు దానికి ఇవ్వను. అవి చివర నా చేత్తో నింపుతాను. సంతకం చేసేవారికి తెలుగులో వినిపించనిదే కాగితం కదలనివ్వను.

ఒక్క చోట మాత్రం దాని జోలికి పోను: లాబ్ రికార్డు. టైట్రేషన్‌లో నాకు బ్యూరెట్టు చూపిన రీడింగు నాకే కనిపించింది, దానికి కాదు. అందమైన దొంగ రీడింగు కన్నా వంకర నిజం రీడింగు మేలు. రేపు మనలో కొందరం మట్టి పరీక్షల రిపోర్టులు, మందుల రిపోర్టులు రాయబోతాం. ఆ అంకెల్ని నమ్మి ఒక రైతు ఎరువు చల్లుతాడు, ఒక తల్లి బిడ్డకు మందు పోస్తుంది.

మిత్రులారా, యంత్రం చేత రాయించుకోండి, తప్పులేదు. చేను మాత్రం మీరు చూసి రండి. ఎందుకంటే, కాగితం అడుగున సంతకం మాత్రం మనదే.