వృద్ధవృక్షాలు – వాటి ఛాయాచిత్రాలు

వర్షాకాలం సమీపించగానే కర్మాగారాల కాలనీలలో ప్రమాదకరమైన వృక్షాల జాబితా ఒకటి తయారవుతుంది. పిల్లలు స్కూలు బస్సు కోసం నిలబడే చోట ఉన్న నిద్రగన్నేరో, సబ్‌స్టేషను గోడ మీదికి వంగిన రావిచెట్టో అందులోకి ఎక్కుతుంది. "ఈ ఏడు బాగా ఒరిగింది" అని ఒకరంటారు. "నేను ఉద్యోగంలో చేరిన నాటి నుండి అంతే ఉన్నది" అని మరొకరంటారు. ఇద్దరి వద్దనూ జ్ఞాపకమే తప్ప ఆధారం లేదు. నిష్కారణంగా చెట్టును నరికినా, ఉపేక్షించగా కొమ్మ విరిగి మనిషి మీద పడినా, ఆ నష్టం తీరేది కాదు.

గోడ బీటలు వారితే మనం ఇలా వాదించుకోము. బీటకు అడ్డంగా ఒక గాజుపలకను అతికించి, తేదీ వ్రాసి ఉంచుతాము. పలక పగిలితే కదలిక ఉన్నట్లే. వృద్ధవృక్షం విషయంలో ఆ పలక చేసే పనిని ఛాయాచిత్రం చేయగలదు. అయితే దానిని ఒక క్రమంలో తీయవలసి ఉంటుంది.

మొదట కదలని స్థానమొకటి ఎంచుకోవాలి: కల్వర్టు మూల కావచ్చు, ప్రహరీ స్తంభం కావచ్చు. ప్రతిసారీ అక్కడే, అదే ఎత్తున కెమెరాను పట్టాలి. చెట్టు క్రింద నిలబడి కెమెరాను పైకెత్తి తీస్తే నిటారుగా ఉన్న మాను కూడా వాలినట్లు కనిపిస్తుంది. ఒరిగిందన్న ఫిర్యాదులు కొన్ని ఇటువంటి బొమ్మలనుండి పుట్టినవేనని నా అనుమానం. దూరంగా జరిగి, కెమెరాను సమతలంగా ఉంచి, వెనుక ఉన్న భవనపు అంచు కూడా పడేటట్లు తీయాలి. ఆ అంచే మనకు తూకపుగుండు. సెల్‌ఫోను సరిపోతుంది. ఆకు రాలినప్పుడొకసారి, నిండుగా ఉన్నప్పుడొకసారి తీస్తే కొమ్మల అమరిక, ఎండు కొమ్మలు రెండూ తెలుస్తాయి. నేలనుండి 1.37 మీటర్ల ఎత్తున మాను చుట్టుకొలత కూడా వ్రాసుకోవాలి. చుట్టుకొలత 3 సెంటీమీటర్లు పెరిగితే వ్యాసం పెరిగినది సెంటీమీటరు లోపే, కంటికి ఆనదు. మొదలు దగ్గరి చిత్రం వేరుగా ఉండాలి. చెదమట్టి చాళ్ళు, పుట్టగొడుగులు, వాలుకు ఎదురువైపున నేల ఉబ్బి పగలడం – ఈ మూడింటిలో చివరిది కనిపిస్తే ఫొటోల మాట ప్రక్కన పెట్టి వెంటనే తోటల విభాగానికి చెప్పాలి.

మర్రికి ఈ లెక్క అంత సులభంగా కుదరదు. హౌరాలోని బొటానికల్ గార్డెన్‌లో ఉన్న మహావటవృక్షం 1864, 1867 తుపానులలో దెబ్బ తిన్నది. తరువాత శిలీంధ్రం సోకగా 1925లో దాని అసలు మానునే తొలగించారు. అయినా ఊడల మీద అది విస్తరిస్తూనే వచ్చింది. దాని చుట్టూ వేసిన 330 మీటర్ల బాటను సైతం దాటిపోయింది. 2020లో వచ్చిన అంఫన్ తుపాను మళ్ళీ దానిని గాయపరచింది. అటువంటి చెట్టుకు మాను కొలత ఏమి చెబుతుంది? నేల తాకిన ఊడలను లెక్కించుకోవాలి.

మహబూబ్‌నగర్ సమీపంలోని పిల్లలమర్రి సంగతి చాలామందికి తెలిసినదే. చెద పట్టి 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ కూలింది. సందర్శకులను ఆపివేసి, 2018లో సెలైన్ సీసాల ద్వారా చెదమందును చుక్కచుక్కగా ఎక్కించారు; వాలిన కొమ్మలకు ఆధారాలు కట్టారు. విహారయాత్రలకు వెళ్ళి ఆ ఊడల నడుమ నిలబడి ఫొటోలు దిగిన కుటుంబాలు ఎన్నో. ఏ ఏడాది ఏ కొమ్మ ఎలా ఉన్నదో ఆ ఆల్బములలో ఎక్కడో ఉండే ఉంటుంది.

మన కాలనీ ఆల్బములూ అంతే. పుట్టినరోజు పిల్లవాడి వెనుకనో, కొత్త స్కూటరు ప్రక్కనో, వీధి చివరి వేపచెట్టు తనకు తెలియకుండానే ఫొటోలో పడి ఉంటుంది. అటువంటి చిత్రాలు దొరికితే వెనుక సంవత్సరమూ, క్వార్టరు నంబరూ వ్రాసి సంపాదకులకు అందజేయగలరు. ప్రతి తీసుకొని అసలును భద్రంగా తిరిగి ఇస్తారు. ఈ సంవత్సరపు జాబితా సిద్ధమయ్యేలోగా చేరితే మరీ మంచిది.